అడవి దున్న: దున్న కాదు, బైసన్ కాదు... మరి ఏంటి?

ఈ రోజు ఒక జంతువు పేరుతో స్టార్ట్ చేద్దాం. స్క్రీన్ మీద ఫోటో చూడండి. ముదురు గోధుమ, నలుపు కలిసిన ఒళ్లు, మోకాళ్ల నుంచి కిందకి తెల్ల సాక్సులు వేసినట్టు కాళ్లు, భుజాల మీద కొండలా లేచిన వీపు. బాగా ఎదిగిన మగది దాదాపు టన్ను బరువు ఉంటుంది. మన పాపికొండలు నేషనల్ పార్క్‌లో ఉంది, పడమటి కనుమల్లో ఇంకా ఎక్కువగా ఉంది. గోవాకి అయితే ఇదే రాష్ట్ర జంతువు.

దీన్ని తెలుగులో అడవి దున్న అంటాం. ఇంగ్లిష్‌లో చాలామంది ఇండియన్ బైసన్ అంటారు. హిందీలో గౌర్.

ఇప్పుడు ఇక్కడ సమస్య ఏంటంటే, దున్న అంటే మగ గేదె. ఇది గేదె కాదు. బైసన్ అంటే అమెరికాలో, యూరప్‌లో ఉండే గడ్డం జంతువు. ఇది అదీ కాదు. ఒకే జంతువుకి రెండు భాషల్లో రెండు పేర్లు, రెండూ తప్పుడు చుట్టరికమే చెప్తున్నాయి. నిజానికి ఇది మన ఇంటి ఆవుకి దగ్గరి చుట్టం. దీని సైంటిఫిక్ పేరు బోస్ గారస్. ఆవు బోస్ టారస్. ఇంటిపేరు ఒకటే, గమనించారా?

"ఏ పేరైతే ఏంటి, జంతువు జంతువే కదా" అని మీలో కొందరికి అనిపించొచ్చు. కాదు. పేరు మీద ఆధారపడి ఒక జంతువుని కాపాడాలా వద్దా అని ఏళ్ల తరబడి కొట్లాట జరిగింది. ఆ కథ చివర్లో చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు ఈ ఫ్యామిలీ ఎలా తయారైందో చూడాలి.

కొమ్ము చెప్పే చుట్టరికం

ఆవు, గేదె, మేక, గొర్రె, కృష్ణజింక. ఇవన్నీ ఒకే కుటుంబం, దాని పేరు బోవిడే. కామన్ పాయింట్ కొమ్ము. లోపల ఎముక, దాని మీద కెరాటిన్ తొడుగు. కెరాటిన్ అంటే మన గోళ్లలో ఉండే పదార్థమే. ఈ కొమ్ముకి కొమ్మలు రావు, ఏటేటా ఊడిపోదు.

దుప్పి అలా కాదు. దాని కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా పెరుగుతాయి, రాలిపోతాయి, మళ్లీ వస్తాయి. అది వేరే కుటుంబం. ఇక్కడ సరదా ఏంటంటే, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. చూడటానికి రెండూ జింకల్లాగే ఉంటాయి. కానీ కృష్ణజింకకి దుప్పి కంటే ఆవే దగ్గరి చుట్టం. కంటికి కనిపించే పోలికకి, అసలు బంధుత్వానికి ఎంత తేడా ఉంటుందో చెప్పడానికి ఇది చాలు.

బోవిడే కుటుంబం లోపల బరువైన, నున్నటి కొమ్ములున్న గుంపుని బోవిని అంటారు. ఇందులో ముఖ్యంగా నాలుగు శాఖలు.

మొదటిది ఆసియా గేదెలు. అస్సాం అడవి గేదె, మన పాడి గేదె, ఫిలిప్పీన్స్‌లో మిండోరో దీవిలో ఉండే తమరావ్, ఇండోనేషియాలో సులవేసి దీవిలోని చిన్న సైజు అనోవా.

రెండోది ఆఫ్రికా గేదె. సింహాన్ని కూడా ఎదిరించే వీడియోలు చూసే ఉంటారు. దీన్ని ఎవరూ మచ్చిక చేసుకోలేకపోయారు.

మూడోది సావోలా. వియత్నాం, లావోస్ సరిహద్దు అడవుల్లో ఉంటుంది. 1992లో వియత్నాంలో వేటగాళ్ల ఇళ్లలో వింత కొమ్ములు కనిపిస్తే, అప్పుడు సైన్స్‌కి తెలిసింది ఇలాంటి పెద్ద జంతువు ఒకటుందని. చూడటానికి లేడిలా ఉంటుంది, కానీ చుట్టరికం చూస్తే ఇటువైపే. అడవిలో కెమెరాకి చివరిసారి చిక్కింది 2013లో.

నాలుగోది ఈ రోజు హీరో, బోస్ గుంపు. ఆవులు, గౌర్, జావా వైపు ఉండే బాంటెంగ్, కంబోడియా కౌప్రే, టిబెట్ యాక్. ఇంకా బైసన్‌లు కూడా. "ఇంకా" అని ఎందుకు విడిగా అన్నానో కాసేపట్లో చెప్తా.

గడ్డి రాసిన కథ

బోవిడే కుటుంబంలో మనకి తెలిసిన పాత శిలాజాల్లో ఒకటి ఇయోట్రాగస్. దాదాపు 1 కోటి 80 లక్షల ఏళ్ల కిందటిది. చిన్న జంతువు, పొట్టి కొమ్ములు, అడవుల్లో ఆకులు తింటూ బతికేది. అక్కడి నుంచి టన్ను బరువు గౌర్ దాకా ఎలా వచ్చాం?

సమాధానంలో పెద్ద భాగం గడ్డి. హిమాలయాల కింద అంచున శివాలిక్ కొండలు ఉన్నాయి కదా, అక్కడి పాత మట్టి పొరల్లో కార్బన్‌ని పరీక్షిస్తే ఒక విషయం తెలిసింది. 80 లక్షల నుంచి 60 లక్షల ఏళ్ల కిందటి మధ్యకాలంలో అక్కడ చెట్లు, పొదలు తగ్గి వేడి ప్రాంతాల గడ్డి బాగా పెరిగింది. గడ్డి తినడం మనం అనుకున్నంత ఈజీ కాదు. అందులో సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థం. దానికి తోడు దుమ్ము. పళ్లు అరిగిపోతాయి. అందుకే ఎత్తుగా, ఎక్కువకాలం అరిగినా మిగిలే పళ్లున్నవి బతికాయి. ఇక నాలుగు గదుల పొట్ట, నెమరు వేయడం ఈ జంతువులకి ముందు నుంచే ఉన్నాయి. గడ్డి రాజ్యం వచ్చేసరికి ఆ సెటప్ బంగారంలా పనికొచ్చింది. పొట్టలో సూక్ష్మజీవులు పీచుని కుళ్లబెడతాయి, అవి తయారుచేసిన ఆమ్లాల నుంచి జంతువుకి శక్తి వస్తుంది. పెద్ద పొట్ట కావాలంటే పెద్ద ఒళ్లు కావాలి. అలా సైజు పెరుగుతూ పోయింది.

ఆసియా గేదెల పాత పూర్వీకుల ఎముకలు కూడా ఈ శివాలిక్ పొరల్లోనే దొరికాయి. అంటే ఈ కథలో మన ఉపఖండం ప్రేక్షకుడు కాదు, స్టేజ్.

ఆ తర్వాత మంచు యుగాలు వచ్చాయి. చల్లటి మైదానాల్లో బైసన్‌లు పెరిగాయి. యూరప్ నుంచి సైబీరియా దాకా స్టెప్పీ బైసన్ అనే జాతి తిరిగింది. సముద్ర మట్టం తగ్గినప్పుడు సైబీరియాకి, అలాస్కాకి మధ్య నేల బయటపడేది. దాని మీదుగా బైసన్‌లు ఉత్తర అమెరికాకి నడిచి వెళ్లాయి. పాత డీఎన్ఏ మీద 2017లో వచ్చిన ఒక స్టడీ ప్రకారం మొదటి గుంపు దాటింది 1,95,000 నుంచి 1,35,000 ఏళ్ల కిందట. అక్కడికి వెళ్లాక రకరకాలుగా మారాయి. బైసన్ లాటిఫ్రాన్స్ అనే రకానికి కొమ్ముల చివర్ల మధ్య దూరమే 2 మీటర్లు దాటేది. అది అంతరించింది. ఇప్పుడున్న అమెరికన్ బైసన్ ఆ వలసల వారసుల్లో మిగిలింది.

మూపురం చూసి మోసపోవద్దు

ఇక్కడ ఒక చిన్న టెస్ట్. ఒంగోలు ఎద్దుకి మూపురం ఉంది. బైసన్‌కి మూపురం ఉంది. గౌర్‌కి ఉంది. మరి మూడూ దగ్గరివా?

ఒంగోలు ఎద్దు మూపురంలో ఎముక లేదు, కండ, కొవ్వు. బైసన్‌ది అలా కాదు. వెన్నుపూసల నుంచి పొడుగ్గా పైకి లేచిన ఎముకలు, వాటికి పట్టుకున్న కండలు. ఎందుకంటే తలని అటూ ఇటూ ఊపి మంచుని పక్కకి తోసి కింద గడ్డి తినాలి. ఒక రకంగా అది క్రేన్. గౌర్ వీపు మీది గుట్టలో కూడా ఎముకలే ఉన్నాయి. బహుశా బ్రిటిష్ వేటగాళ్లకి ఆ గుట్ట, ఆ సైజు చూసే బైసన్ గుర్తొచ్చి ఉంటుంది. పేరు అలా అంటుకుపోయింది.

బయట పోలిక పక్కన పెట్టి క్రోమోజోములు లెక్కపెడదాం. ఆవుకి 60. బైసన్‌కి 60. యాక్‌కి 60. మన గౌర్‌కి 58, ఎందుకంటే ఒక చోట రెండేసి క్రోమోజోములు అతుక్కుని ఒకటైపోయాయి. మన ముర్రా గేదెకి 50. అందుకే ఆవుకి, గేదెకి పిల్లలు పుట్టరు. ఒకే కొట్టంలో తరతరాలుగా పక్కపక్కనే కట్టేసినా పుట్టలేదు. కానీ ఆవుకి గౌర్‌తో, యాక్‌తో, బైసన్‌తో పిల్లలు పుడతాయి. 2001లో అమెరికాలో ఒక మామూలు ఆవు కడుపున క్లోన్ చేసిన గౌర్ దూడ పుట్టింది కూడా. నోవా అని పేరు పెట్టారు. పాపం రెండు రోజులకే విరేచనాల జబ్బుతో చనిపోయింది. ఏదేమైనా ఆవు గర్భంలో గౌర్ నెలలు నిండేదాకా పెరిగింది. గేదె గర్భంలో అయితే అది కుదరదు.

సో, అడవి దున్న అనే పేరులో "అడవి" కరెక్టు, "దున్న" కాదు. ఇది అడవి ఎద్దు.

ఫోల్డర్ పేరు గొడవ

ఇప్పుడు బైసన్ సంగతి. 1758లో లినేయస్ జంతువులకి రెండు మాటల పేర్లు పెట్టినప్పుడు ఆవు, బైసన్, గేదె అన్నిటినీ బోస్ అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. అంటే ఒకే ఫోల్డర్‌లో. తర్వాత 1827లో హామిల్టన్ స్మిత్ బైసన్‌లకి వేరే ఫోల్డర్ క్రియేట్ చేశాడు. గౌర్‌కి సైంటిఫిక్ పేరు పెట్టింది కూడా ఆయనే, అదే ఏడాది.

డీఎన్ఏ వచ్చాక ఆ ఫోల్డర్ ప్రాబ్లం బయటపడింది. జీనోమ్ మొత్తం పోల్చి చూస్తే బైసన్‌కి అన్నిటికంటే దగ్గరిది యాక్. యాక్ ఏమో బోస్ ఫోల్డర్‌లో ఉంది. అంటే యాక్‌ని లోపల ఉంచి, దాని దగ్గరి చుట్టాన్ని బయట పెట్టాం. మీ పెదనాన్న కొడుకుని ఫ్యామిలీ గ్రూప్‌లో ఉంచి సొంత తమ్ముణ్ణి తీసేసినట్టు అన్నమాట. అందుకే చాలామంది శాస్త్రవేత్తలు ఇప్పుడు బైసన్‌ని మళ్లీ బోస్‌లో కలిపేసి బోస్ బైసన్ అని రాస్తున్నారు. కొందరు పాత పేరే వాడుతున్నారు, ఎందుకంటే చట్టాల్లో, రికార్డుల్లో, అంతర్జాతీయ జాబితాల్లో అన్నిచోట్లా పాత పేరే ఉంది. ఫోల్డర్ రీనేమ్ చేస్తే పాత లింకులన్నీ తెగిపోతాయి. కోడ్ రాసేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు.

ఇంకో మెలిక ఉంది. మచ్చిక జంతువుకి ఒక పేరు, దాని అడవి పూర్వీకుడికి ఇంకో పేరు ఉంటే ఏది వాడాలి? రూల్ ప్రకారం ముందు పెట్టిన పేరే గెలుస్తుంది, అంటే చాలాసార్లు మచ్చిక జంతువు పేరే. అలా చేస్తే అడవి జాతికి సొంత పేరే ఉండదు. 2003లో జంతువుల పేర్ల అంతర్జాతీయ కమిషన్ 17 అడవి జాతుల పేర్లని కాపాడుతూ తీర్పు ఇచ్చింది. గౌర్, అడవి యాక్, అడవి గేదె, అంతరించిన అడవి ఆవు, అన్నీ ఆ లిస్టులో ఉన్నాయి.

చెట్టు కాదు, వల

మనం స్కూల్లో పరిణామం అంటే చెట్టు బొమ్మ గీస్తాం. కొమ్మ చీలితే చీలినట్టే. ఈ ఫ్యామిలీ మాత్రం ఆ బొమ్మని ఒప్పుకోదు. విడిపోయిన కొమ్మలు మళ్లీ మళ్లీ కలిశాయి. గిట్ వాడేవాళ్ల భాషలో చెప్పాలంటే బ్రాంచ్‌లు చీలాయి, మధ్యమధ్యలో మెర్జ్ అయ్యాయి.

యూరప్ బైసన్‌ని చూడండి. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తే అది ఆవు వైపు ఉంది. మిగతా జీనోమ్ చూస్తే అమెరికన్ బైసన్ వైపు ఉంది. అమ్మ ఒక ఊరు, నాన్న ఒక ఊరు అన్నట్టు. 2016లో ఒక టీమ్ ఏమందంటే, 1,20,000 ఏళ్ల కంటే ముందే స్టెప్పీ బైసన్, అడవి ఆవు కలిసి ఈ జాతి పుట్టింది అని. ఐరోపా గుహల గోడల మీద రెండు ఆకారాల బైసన్ బొమ్మలు ఉండటం కూడా దీనికి సాక్ష్యంగా చూపించారు. ఆ తర్వాత వేరే టీమ్‌లు ఒప్పుకోలేదు. ఉమ్మడి పూర్వీకుల్లో ముందే రెండు రకాల మైటోకాండ్రియా ఉండి ఉంటాయి, చీలినప్పుడు ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి దక్కింది, దానికి సంకరం అక్కర్లేదు అన్నారు. తాతకి రెండు గడియారాలు ఉంటే, మనవళ్లలో ఎవరికి ఏది వచ్చిందో చూసి చుట్టరికం లెక్కేస్తే తప్పు పోతాం కదా, అలా.

మచ్చిక అయ్యాక కూడా కలవడం ఆగలేదు. మంగోలియా యాక్‌ల డీఎన్ఏలో 1.3 శాతం ఆవు నుంచి వచ్చింది. టిబెట్ ఆవుల్లో యాక్ జన్యువులు ఉన్నాయి, ఆక్సిజన్ తక్కువ ఉండే ఎత్తుల్లో బతకడానికి అవి సాయపడ్డాయని అంటారు. అయితే ప్రకృతి ఒక తాళం పెట్టింది. ఇలాంటి సంకరాల్లో మొదటి తరం మగవాటికి పిల్లలు పుట్టరు, ఆడవాటికి పుడతాయి. అందుకే తలుపు మూసుకోలేదు, సగం తెరిచే ఉంది.

ఇక మన ఆవులు. అడవి ఆవుని ఆరాక్స్ అంటారు. దాన్ని మనుషులు రెండుసార్లు, రెండు చోట్ల మచ్చిక చేసుకున్నారు. పశ్చిమాసియాలో దాదాపు 10,500 ఏళ్ల కిందట. అక్కడి నుంచి మూపురం లేని ఆవులు వచ్చాయి. ఆ మొదటి మందలో ఆడవి కేవలం 80 దాకా ఉండి ఉంటాయని ఒక లెక్క. రెండోసారి సింధు ప్రాంతంలో, దాదాపు 8,000 ఏళ్ల కిందట. అక్కడి నుంచి మూపురం, వేలాడే గంగడోలు ఉన్న మన ఆవులు వచ్చాయి. సింధు ముద్రల మీద ఉన్న ఎద్దు ఇదే. ఈ రెండు రకాల అడవి పూర్వీకులు మచ్చికకి లక్షల ఏళ్ల ముందే విడిపోయాయి. అంటే జెర్సీ ఆవు, ఒంగోలు ఆవు రంగులో మాత్రమే తేడా ఉన్న బ్రీడ్‌లు కావు, రెండు వేర్వేరు ప్రయాణాలు.

దాదాపు 4,200 ఏళ్ల కిందట పశ్చిమాసియాలో పెద్ద కరువు వచ్చింది. ఆ కాలం తర్వాతి ఎముకల డీఎన్ఏలో అకస్మాత్తుగా మన వైపు ఆవుల వాటా పెరిగింది. ఎండని, కరువుని తట్టుకునే ఎద్దుల్ని అక్కడి రైతులు తెచ్చుకుని ఉంటారు. అదే కథ గత రెండు వందల ఏళ్లలో బ్రెజిల్‌లో మళ్లీ జరిగింది. మన ఒంగోలు పశువులు ఓడెక్కి వెళ్లి, అక్కడ నెలోర్ అనే పేరుతో దేశంలో అన్నిటికంటే పెద్ద మాంసపు పశు జాతి అయ్యాయి. నెలోర్ అంటే మన నెల్లూరే.

మరి అసలు అడవి ఆవు ఏమైంది? చివరిది పోలాండ్‌లోని యాక్టోరోవ్ అడవిలో 1627లో చనిపోయింది. అది ఆడది. ప్రపంచం మొత్తం మీద ఆవులు వంద కోట్లకి పైగా ఉన్నాయి, వాటి అడవి రూపం మాత్రం సున్నా.

పేరు మీద ప్రాణం

ఇప్పుడు మొదట్లో చెప్పిన కొట్లాట. కౌప్రే, కంబోడియా అడవి ఎద్దు. 1937లో సైన్స్ దీనికి పేరు పెట్టింది. ఆ దేశం దీన్ని జాతీయ జంతువు చేసుకుంది. తర్వాత యుద్ధాలు, తుపాకులు, వేట. 1980ల తర్వాత నమ్మదగ్గట్టు ఎవరికీ కనిపించలేదు.

2006లో ఒక పేపర్ వచ్చింది. కౌప్రే అసలు జాతే కాదు, బాంటెంగ్, మచ్చిక ఆవు కలిసిన సంకరం కావచ్చు అని. దీని అర్థం ఆలోచించండి. జాతి కాకపోతే దాన్ని వెతకడానికి డబ్బు ఎవరిస్తారు? అడవి ఎందుకు కాపాడతారు? మరుసటి ఏడాదే ఇంకో టీమ్ కాదు అని వాదించింది. 2021లో పాత పుర్రెల నుంచి మొత్తం జీనోమ్ చదివారు. తేలింది ఏంటంటే, కౌప్రే నిజంగా వేరే జాతే. గౌర్, బాంటెంగ్, కౌప్రే మూడూ దాదాపు ఒకేసారి విడిపోయిన అన్నదమ్ములు. తీర్పు బాగానే వచ్చింది. కానీ తీర్పు వినడానికి ఆ జంతువు ఎక్కడైనా మిగిలి ఉందనే ఆధారం లేదు.

ఇది ఎక్కడో కంబోడియా కథ అనుకోకండి. తెలంగాణ పక్కనే ఛత్తీస్‌గఢ్ ఉంది. ఇంద్రావతి, ఉదంతి అడవుల్లో మధ్య భారతపు అడవి గేదెలు వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి వచ్చాయి. ఇది ఆ రాష్ట్ర జంతువు. మందని పెంచడానికి అస్సాం నుంచి అడవి గేదెల్ని తెచ్చారు. వేట, అడవి తగ్గడం ఒక ప్రమాదం. ఇంకో ప్రమాదం చప్పుడు లేనిది: అడవి అంచున మేతకి వెళ్లే ఊరి గేదెలతో కలిసిపోవడం. ఆవుకి, గేదెకి మధ్య తాళం ఉంది. అడవి గేదెకి, ఊరి గేదెకి మధ్య ఏ తాళమూ లేదు. చావకుండానే ఒక జాతి కరిగిపోవచ్చు.

అలాగని కలిసిన ప్రతిదాన్నీ "ప్యూర్ కాదు" అని వదిలేయాలా? అమెరికన్ బైసన్‌ని చూడండి. కోట్లలో ఉండేవి, 1880ల చివరికి వెయ్యి దరిదాపుల్లోకి పడిపోయాయి. మిగిలినవాటిని కాపాడినవాళ్లలో కొందరు వాటిని ఆవులతో కలిపి పెంచారు. 2022లో వచ్చిన స్టడీలో పరీక్షించిన మందలన్నిటిలో, యెల్లోస్టోన్‌తో సహా, కొద్దిగా ఆవు డీఎన్ఏ దొరికింది. మరి అవి బైసన్‌లు కావా? అవి మంచులో తల ఊపి గడ్డి తింటున్నాయి, మైదానాన్ని తొక్కి మారుస్తున్నాయి, బైసన్ పని చేస్తున్నాయి. యూరప్ బైసన్ కథ ఇంకా టైట్. 1920ల నాటికి అడవిలో ఒక్కటీ మిగల్లేదు. జూలలో ఉన్నవాటిలో కేవలం 12 జంతువుల సంతానం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. 2019కి 6,200 దాటాయి.

నా అభిప్రాయం ఏంటంటే, వర్గీకరణ అనేది డబ్బాలకి లేబుల్ అంటించే పని కాదు. ఏది పోతే మళ్లీ రాదో గుర్తించే పని. గౌర్‌ని బైసన్ అనుకున్నవాడు "అమెరికాలో కూడా ఉన్నాయిగా" అనుకోవచ్చు. దున్న అనుకున్నవాడు "మన కొట్టంలోనే ఉన్నాయిగా" అనుకోవచ్చు. నిజంగా ఇది ఆవుల ఫ్యామిలీలో ఇంకా అడవిలో తిరుగుతున్న కొద్ది జాతుల్లో ఒకటి. ఆరాక్స్ పోయింది. కౌప్రే జాడ లేదు. గౌర్ ఉంది.

పేరు మార్చమని నేను అనను, అడవి దున్న అనే మాట మన నోటికి అలవాటు. దాని వెనక ఎవరున్నారో తెలిస్తే చాలు. ఈ ఎపిసోడ్ నచ్చితే, గేదెకి, బైసన్‌కి తేడా లేదనే ఫ్రెండ్ ఒకడు మీకు కచ్చితంగా ఉంటాడు, వాడికి పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.